గడ్డకట్టే నీటికి కాపలా

శ్రీకాకుళంలో గాని విజయనగరంలో గాని చలికి నీళ్ళ గొట్టం పగిలిందన్న మాట ఎవరూ విని ఉండరు. ధనుర్మాసంలో నాగావళి ఒడ్డున పొగమంచు ఎంత దట్టంగా కమ్మినా, తెల్లవారి కుళాయి తిప్పితే నీరు వస్తుంది. భోగినాటి చలి మనచేత రెండు దుప్పట్లు కప్పిస్తుందే గాని నీటిని రాయి చేయలేదు. అయితే ఈ జిల్లాల పిల్లలు చదువులు ముగించి ఉద్యోగాలకు చేరుకొనే ఊళ్ళన్నీ ఇట్లా ఉండవు. ఉత్తర అమెరికాలో చాలా చోట్ల శీతకాలం రాకముందే, బయటకు తగిలి ఉన్న నీళ్ళ గొట్టాలకు ఒక విద్యుత్తు తీగను చుట్టి, దానికి థర్మోస్టాట్ అనే చిన్న పరికరాన్ని బిగించుకుంటారు. చలి హద్దు మీరితే అది తీగలోకి విద్యుత్తును వదులుతుంది. గొట్టం వెచ్చబడగానే ఆపుతుంది. మనిషి నిద్రపోతున్నా అది మేలుకొని ఉంటుంది.

ఈ కాపలాదారు పుట్టుక తెలుసుకోవాలంటే మొదట గడియారాల దగ్గరకు వెళ్ళాలి. విజయనగరంలో గంటస్తంభం ఎరుగనివారు లేరు. దానిని 1885లో కట్టించారు. అంతకు నలభై ఐదేళ్ళ ముందే, 1840లో, విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో ఖగోళ వేధశాలను నెలకొల్పాడు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. నక్షత్రాలను చూసి కాలాన్ని నిర్ణయించే చోట గడియారం నమ్మకంగా నడవాలి. అక్కడే వేడి అడ్డు తగులుతుంది.

లోలకం ఊగే వేగం దాని పొడవు మీద ఆధారపడి ఉంటుంది. ఎండకు లోహం సాగుతుంది; లోలకం పొడవైతే నెమ్మదిగా ఊగుతుంది; గడియారం వెనుకబడుతుంది. ఉక్కు కడ్డీ ఒక్క సెంటీగ్రేడు డిగ్రీకి తన పొడవులో పది లక్షల భాగాల్లో సుమారు 12 భాగాలు పెరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే పొడవులో పెరుగుదల పది లక్షలకు 120 భాగాలు. ఊగే కాలం పొడవు యొక్క వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి కాలంలో పెరుగుదల అందులో సగం, అంటే 60 భాగాలు. రోజుకు 86,400 సెకన్లు. లెక్క కట్టితే గడియారం రోజుకు 5 సెకన్లకు పైగా వెనుకబడుతుంది. ఊరివారికి ఇది లెక్కలోనిది కాదు. నడిసముద్రంలో ఓడ ఎక్కడున్నదో గడియారం చూసి తెలుసుకోవలసిన నావికునికి మాత్రం ప్రాణాల మీది మాట. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. ఒక్క నిమిషం తప్పు వస్తే భూమధ్యరేఖ దగ్గర ఓడ తన స్థానాన్ని 27 కిలోమీటర్లకు పైగా తప్పుగా లెక్కగడుతుంది.

ఈ చిక్కును విప్పినవాడు జాన్ హారిసన్ అనే ఇంగ్లీషు వడ్రంగి. ఇత్తడి ఉక్కుకంటే ఎక్కువగా సాగుతుంది. ఈ రెంటి తేడానే ఆయన పనిముట్టుగా చేసుకున్నాడు. మొదట 1720ల దశకంలో ఇత్తడి కడ్డీలను, ఉక్కు కడ్డీలను ఒకదాని సాగుదలను మరొకటి రద్దు చేసే విధంగా పేర్చి లోలకం తయారు చేశాడు. ఆ తరువాత సముద్రయానానికి ఉద్దేశించిన తన మూడవ గడియారం కోసం 19 ఏళ్ళు శ్రమపడ్డాడు. ఆ శ్రమలో పుట్టినదే ద్విలోహపు పట్టీ. ఒక ఇత్తడి రేకును, ఒక ఉక్కు రేకును వీపు వీపు కలిపి అతికిస్తే, వేడి తగిలినపుడు ఇత్తడి ఎక్కువ సాగాలని చూస్తుంది, ఉక్కు సాగనీయదు. రెండూ విడిపోలేవు గనుక పట్టీ ఉక్కు వైపుకు వంగుతుంది. చల్లబడితే ఎదురు వైపుకు వంగుతుంది. చూడడానికి ఇది చాలా చిన్న విషయం. కాని వేడి అనే కంటికి కనపడని దానిని కదలికగా మార్చే ఉపాయం మనిషి చేతికి చిక్కింది. కదలిక దొరికితే తలుపు మూయవచ్చు, మీట నొక్కవచ్చు.

నిజానికి వేడిని దానంతట అదే అదుపు చేసుకొనేటట్లు చేయాలన్న ఆలోచన హారిసన్ కంటే ముందుదే. 17వ శతాబ్దపు తొలి దశకాల్లో కార్నెలిస్ డ్రెబెల్ అనే డచ్చివాడు ఇంగ్లండులో కోడిగుడ్లు పొదిగే పెట్టె ఒకటి చేశాడు. అందులో సారాయం వేడికి వ్యాకోచించి పాదరసాన్ని నెట్టేది. పాదరసం పైకి లేచి పొయ్యికి గాలి వెళ్ళే దారిని మూసేది. 18వ శతాబ్దం చివర ఫ్రాన్సులో బొన్నెమాఁ అనే ఆయన కూడా గుడ్లు పొదిగించడానికే సీసపు గొట్టంలో ఇనుప కడ్డీ అమర్చి, ఆ రెంటి వ్యాకోచపు తేడాతో పొయ్యిని అదుపు చేశాడు. పెట్ట కింద గుడ్లు పెట్టి మూడు వారాలు ఎదురుచూసే మన పల్లె ఇల్లాలికి ఈ శ్రమంతా వింతగా తోచవచ్చు. కాని పెట్ట ఒళ్ళు చేసే పనిని యంత్రం చేత చేయించాలంటే ఇదే దారి.

థర్మోస్టాట్ అన్న పేరు పెట్టినవాడు స్కాట్లండు రసాయన శాస్త్రజ్ఞుడు ఆండ్రూ యూర్. 1830లో ఆయన ద్విలోహపు పట్టీతో పనిచేసే ఉష్ణ నియంత్రకానికి పేటెంటు పొందాడు. గ్రీకు భాషలో థర్మోస్ అంటే వేడి. పేరులోని రెండవ భాగానికి నిలకడ అని అర్థం. మన పారిభాషిక పదకర్తలు ఉష్ణస్థాపకం అన్నారు. ఆ మాట పాఠ్యపుస్తకాల్లో ఉండిపోయింది. బజారులో మెకానిక్కు థర్మోస్టాట్ అంటేనే తెలుస్తుంది.

దీనికి విద్యుత్తును జోడించినది ఒక ఉపాధ్యాయుడు కావడం ఈ చరిత్రలో ముచ్చటైన భాగం. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, వైట్‌వాటర్ అనే ఊరి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వారెన్ జాన్సన్ పాఠాలు చెప్పేవాడు. గదుల్ని వేడిచేసే కొలిమి కింద నేలమాళిగలో ఉండేది. గది మరీ వేడెక్కిందా, మరీ చల్లబడిందా అన్నది తెలుసుకోవడానికి పనివాడు పాఠం మధ్యలో తలుపు తోసుకొని లోపలికి వచ్చి చూసి వెళ్ళవలసి వచ్చేది. ఈ బాధ పడలేక జాన్సన్ గదిలోని ఉష్ణోగ్రత హద్దు దాటగానే నేలమాళిగలో గంట మోగే ఏర్పాటు చేశాడు. దానికి 1883లో పేటెంటు వచ్చింది. 1885లో ఆయన మిల్వాకీలో కంపెనీ స్థాపించాడు. అదే ఏడాది మినియాపోలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ మరొక అడుగు వేశాడు: గంట మోగించి మనిషిని పిలవడం కాక, గది చల్లబడితే కొలిమి గాలితలుపును యంత్రమే ఎత్తేటట్లు చేశాడు. విజయనగరంలో గంటస్తంభం లేచిన సంవత్సరం కూడా అదేనని పైన చెప్పుకున్నాం. ఆ ఏడాదికి హారిసన్ చనిపోయి నూరేళ్ళు దాటింది.

గొట్టం ఎందుకు పగులుతుంది

ఇక గొట్టం సంగతి. చాలా ద్రవాలు చల్లబడే కొద్దీ కుంచించుకుపోతాయి. నీరు కూడా 4 డిగ్రీల వరకు అట్లాగే చేస్తుంది. అక్కడి నుంచి ఎదురు తిరిగి వ్యాకోచిస్తుంది. మంచుగడ్డగా మారినపుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. నిండుగా నీరు పోసి బిరడా బిగించిన గాజుసీసాను ఐసుపెట్టెలో పెట్టి మరచిపోయిన ప్రతి ఇంట్లోనూ దీనికి సాక్ష్యం ఉంటుంది.

అయితే గొట్టంలో జరిగేది సీసాలో జరిగినంత సూటిగా ఉండదు. మంచు గొట్టం గోడలను నేరుగా నెట్టి చీల్చుతుందని చాలామంది అనుకుంటారు. గొట్టం రెండు పక్కలా తెరిచి ఉంటే పెరిగిన మంచు పొడవునా జరుగుతుంది, ప్రమాదం తక్కువ. ఎక్కడో ఒకచోట గడ్డకట్టి మంచు బిరడా వలె అడ్డుపడినపుడే అసలు ముప్పు. బిరడాకు, మూసి ఉన్న కుళాయికి నడుమ నీరు చిక్కుకుంటుంది. మంచు పెరిగే కొద్దీ ఆ నీటి మీద ఒత్తిడి పెరుగుతుంది. నీరు నలగదు గనుక ఒత్తిడి అంతా గొట్టానికి చేరుతుంది. ఎటూ కదలనీయకుండా బంధించితే, సున్నాకు ఒక్క డిగ్రీ దిగువనే మంచు 130 వాతావరణ పీడనాల వరకు ఒత్తిడి తేగలదు. చివరకు గొట్టం ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. చాలాసార్లు ఆ చోట మంచే ఉండదు! అందుకే చలిరాత్రి కుళాయిని సన్నగా కారనివ్వమని అక్కడివారు చెబుతారు. నీరు పారుతున్నదని కాదు, ఒత్తిడి బయటపడే దారి ఉన్నదని. పగులు పడిన సంగతి కూడా అప్పుడే తెలియదు. మంచు కరిగిన తరువాతే ఇల్లు నీట మునుగుతుంది.

అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయం వారు పరీక్షలు జరిపి, ఇంటిలోని రక్షణలేని గొట్టాలకు బయటి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 7 డిగ్రీల ప్రాంతానికి చేరినపుడు ముప్పు మొదలవుతుందని తేల్చారు. గాలి దూరే సందులు ఉంటే అంతకంటే ముందే రావచ్చు.

బిగించే తీరు, చూసుకొనే తీరు

గొట్టాన్ని కాపాడడానికి వేడినీళ్ళు కాచవలసిన పని లేదు. పోయే వేడిని తిరిగి ఇస్తే చాలు. మీటరు పొడవుకు సుమారు 20 వాట్ల శక్తిగల తీగ చాలా ఇళ్ళకు సరిపోతుంది. 10 మీటర్ల తీగ రాత్రింబవళ్ళు వేడెక్కుతూ ఉంటే రోజుకు దాదాపు 5 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. చలి నిజంగా ముదిరిన గంటల్లోనే పని చేస్తే ఖర్చు అందులో కొంతే. ఈ ఆదా థర్మోస్టాట్ వల్లనే. సాధారణంగా గొట్టం సుమారు 3 డిగ్రీలకు చల్లబడగానే అది కలుస్తుంది. 7 నుంచి 10 డిగ్రీల మధ్య విడిపోతుంది. కలిసే స్థానానికి, విడిపోయే స్థానానికి ఈ ఎడం కావాలనే పెడతారు. రెండూ ఒక్కటే అయితే పట్టీ క్షణానికొకసారి కలుస్తూ విడుతూ, ప్రతిసారీ రవ్వ రాలి, కొద్ది రోజుల్లోనే కొసలు కాలిపోతాయి.

థర్మోస్టాట్‌ను ఎక్కడ పెట్టాలన్నది తెలివితో చేయవలసిన పని. అది గాలినో గదినో చూడరాదు, గొట్టాన్ని చూడాలి. అందుచేత దానిని గొట్టానికి ఆనించి, అందులోనూ అన్నింటికంటే చల్లగా ఉండే చోట, వేడి తీగ తగలకుండా బిగించాలి. వేడి తీగకు తగిలితే, పక్కనున్న గొట్టం గడ్డకడుతున్నా అది తనకు తాను వెచ్చగా ఉన్నదనుకొని విద్యుత్తును ఆపుతుంది. తీగను గొట్టం పొడవునా సమంగా పరచాలి. సాధారణ తీగ తనమీద తాను పడితే ఆ మడతలో వేడి పోగుపడి పైపొర కరిగి నిప్పు అంటుకోగలదు. అట్లా ఇళ్ళు కాలిన సందర్భాలు ఉన్నాయి. ప్లాస్టిక్ గొట్టమైతే ముందు అల్యూమినియం రేకు చుడితే వేడి అంతటా పరచుకుంటుంది. ఆపైన తడి చేరని ఉష్ణబంధక తొడుగు వేయాలి. విద్యుత్తు నేలకు కారితే తక్షణం తెగిపోయే బ్రేకరు తప్పనిసరి. నీరు, కరెంటు ఒకేచోట ఉన్నాయన్నది మరువరాదు.

బిగించి మరచిపోతే మాత్రం ఇవన్నీ వృథా. ఎనిమిది నెలలు పని లేకుండా ఉన్న పరికరం తొమ్మిదో నెలలో ఒక్క రాత్రి పనికి రావాలి. ఆ వ్యవధిలో ఎలుకలు తీగ కొరుకుతాయి, కొసలకు చిలుము పడుతుంది, తొడుగు తడుస్తుంది. కనుక చలికి ముందే థర్మోస్టాట్‌ను మంచుముక్కల సంచితో తాకించి, తీగ వెచ్చబడుతున్నదో లేదో చేత్తో చూసుకోవాలి. పాఠశాల ప్రయోగశాలలో ద్విలోహపు పట్టీని దీపం మీద పెట్టి చూపే ప్రయోగానికి ఇది తిరగేసిన రూపం.

1970ల దశకం నుంచి మరొక రకం తీగ వాడుకలోకి వచ్చింది. ఇందులో రెండు రాగి తీగల నడుమ బొగ్గుపొడి కలిపిన ప్లాస్టిక్ ఉంటుంది. చల్లబడితే ప్లాస్టిక్ కుంచించుకొని బొగ్గు కణాలు ఒకదానినొకటి తాకుతాయి; విద్యుత్తు ఎక్కువ పారి వేడి పెరుగుతుంది. వెచ్చబడితే ప్లాస్టిక్ సాగి దారులు తెగిపోతాయి, వేడి తగ్గుతుంది. ప్రతి అంగుళమూ తన చలిని తానే చూసుకుంటుంది. హారిసన్ పట్టీ చేసిన పనిని తీగే తన ఒంట్లో కలుపుకున్నదన్నమాట.

అయినా ఎంత మంచి తీగకైనా విద్యుత్తు అందాలి. ఈ మాట 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ రాష్ట్రానికి చాలా కష్టంగా తెలిసివచ్చింది. డల్లాస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో వంటి ఊళ్ళలో తెలుగువారి కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఎండలకు పేరుపడ్డ రాష్ట్రమది. చాలా ఇళ్ళలో నీళ్ళ గొట్టాలను పైకప్పు కింది అటకలో నడిపారు. 16వ తేదీన డల్లాస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన దాదాపు 19 డిగ్రీలకు పడిపోయింది. అదే సమయంలో లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. ఇళ్ళు చల్లబడ్డాయి, గొట్టాలు పగిలాయి, కప్పుల నుంచి నీరు కారింది. ఆ తుపానులో 246 మంది చనిపోయారని రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్క తేల్చింది.

కరెంటు ఎందుకు పోయిందన్నది మరీ గమనించదగ్గది. గ్యాసు అందకపోవడం మొదలైన పెద్ద కారణాలు ఉన్నాయి. వాటితోపాటు విద్యుత్కేంద్రాల్లోని సన్నని గొట్టాలు కూడా గడ్డకట్టాయి. బే సిటీ దగ్గర ఉన్న అణువిద్యుత్కేంద్రంలో నీటి పీడనాన్ని కొలిచే ఒక సన్నని గొట్టం గడ్డకట్టి తప్పు సంకేతం ఇచ్చింది. నీరు తోడే పంపులు ఆగాయి. సుమారు 1300 మెగావాట్ల రియాక్టరు ఫిబ్రవరి 15న తనంతట తాను ఆగిపోయింది. అణువు వైపు ఏ లోపమూ లేదు. వేలెడు లావు లేని గొట్టానికి చలికాపు చాలకపోవడమే లోపం. ఆ రాష్ట్రంలో 2011 ఫిబ్రవరిలోనూ చలికి విద్యుత్కేంద్రాలు ఆగాయి. చలికాపు సరిచేసుకోమని అప్పుడే నివేదికలు చెప్పాయి.

మన కొండల్లోని ఐసుపెట్టె

మన జిల్లాల్లో గొట్టాలకు ఈ బాధ లేదు. కాని గడ్డకట్టకుండా కాపాడవలసినది ఒకటి ఇక్కడా ఉన్నది. అది టీకామందు.

1985 నవంబరు 19న మన దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైనది. అప్పటి నుంచి గుమ్మలక్ష్మీపురం, సీతంపేట వంటి కొండప్రాంతాల దాకా టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య భద్రపరచి చేర్చవలసి వచ్చింది. ఉష్ణదేశంలో వేడికి మందు చెడుతుందన్న భయమే అందరికీ తోస్తుంది. పోలియో చుక్కల మందుకు, తట్టు టీకాకు అది నిజం. అయితే ధనుర్వాతం, కంఠవాతం, కోరింతదగ్గు, కామెర్ల బి రకం మొదలైన వాటి టీకాలకు గడ్డకట్టడమే పెద్ద శత్రువు. వీటిలో మందును పట్టి ఉంచడానికి అల్యూమినియం లవణం జిగురు రూపంలో ఉంటుంది. ఒకసారి గడ్డకట్టితే ఆ సన్నని రేణువులు ముద్దలు కడతాయి. కరిగిన తరువాత సీసా మామూలుగానే కనిపిస్తుంది. పిల్లవానికి సూది గుచ్చుతారు, కార్డు మీద రాస్తారు, తల్లి నిశ్చింతగా ఇంటికి వెళుతుంది. పిల్లవానికి మాత్రం చాలినంత రక్షణ దొరకదు. మన దేశంలో 10 రాష్ట్రాల్లో జరిపి 2013లో ప్రకటించిన పరిశీలనలో టీకాలు వేడికే కాక సున్నాకు దిగువ చలికి కూడా తరచు గురి అవుతున్నట్లు బయటపడింది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వాడే టీకాల ఐసుపెట్టె లోపలి గోడల చుట్టూ మంచు పొర ఉంటుంది. కరెంటు పోయినా కొన్ని గంటలు చల్లదనం నిలుపుతుంది. పాతరకం పెట్టెలో థర్మోస్టాట్ పట్టీతో కాక వాయువుతో పనిచేస్తుంది: చిన్న బుడ్డి, దాని నుంచి కేశనాళిక, చివర కమ్మరి తిత్తి వంటి చిన్న తిత్తి. చల్లబడితే బుడ్డిలోని వాయువు పీడనం తగ్గి తిత్తి ముడుచుకుంటుంది, యంత్రం ఆగుతుంది. ఇక్కడా కాపలాదారు చూసేది మందును కాదు, తన బుడ్డి తగిలి ఉన్న చోటును. మే నెల ఎండలకు తగినట్లు బిగువుగా తిప్పి పెట్టిన మీటను పుష్యమాసపు రాత్రులకు కూడా అట్లాగే వదిలేస్తే పెట్టె అడుగుభాగం సున్నాను తాకవచ్చు. అందుకే గడ్డకట్టితే చెడే టీకాలను అడుగున పెట్టరాదు, పైబుట్టలోనే పెట్టాలి. ఊళ్ళకు మోసుకుపోయే పెట్టెలో కూడా మంచు ప్యాకెట్లను వెంటనే పెట్టరు. బయట ఉంచి, పైన చెమ్మ పట్టి, ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినిపించే దాకా ఆగుతారు.

అనుమానం వచ్చిన సీసాను పరీక్షించే పద్ధతికి యంత్రం అక్కరలేదు. అదే మందు సీసాను మరొకదాన్ని కావాలని గడ్డకట్టించి కరిగిస్తారు. రెంటినీ కలిపి ఊపి బల్ల మీద పక్కపక్కన నిలుపుతారు. గడ్డకట్టిన సీసాలో తెల్లని మడ్డి త్వరగా అడుగుకు దిగుతుంది. అనుమానపు సీసాలో కూడా అంతే త్వరగా దిగితే దానిని పారేస్తారు. నెమ్మదిగా దిగితే ఉంచుతారు. ఇక రోజూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పెట్టె తెరిచి ఉష్ణమాపకం చూసి, గోడకు వేలాడే కాగితం మీద ఆ అంకె వేయడం ఆరోగ్య కార్యకర్త పని. ఆదివారమైనా, పండుగైనా ఆ గడి ఖాళీగా ఉండరాదని నియమం.